‘ఉదయ్‌కిరణ్ పాటలు’ ఎవరివి? కనిగిరి ఆడపిల్లల నోటుబుక్కుల్లో ఒక చరిత్ర

తెలుగు సినిమా అభిమానుల చరిత్ర అనగానే మనకి మగపిల్లలే గుర్తుకొస్తారు. కటౌట్లు, దండలు, పాలాభిషేకాలు, మొదటి ఆట దగ్గర తోపులాటలు, అభిమాన సంఘాలు, ఆ సంఘాల్లోంచి పుట్టిన రాజకీయాలు. వీటి మీద మంచి పరిశోధనలే వచ్చాయి. చిరంజీవి మీద ఎస్.వి. శ్రీనివాస్ 2009లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం అందులో ముఖ్యమైనది. అయితే ఆ చరిత్ర అంతా వీధిలో జరిగిన చరిత్ర. వీధి ఎవరిదో మనకి తెలుసు కదా! హాలు ముందు అరవలేని, గోడ మీద పోస్టరు అంటించలేని, ఒక్కోసారి సినిమాకే వెళ్ళలేని ఆడపిల్లలకి అభిమానం లేదా? ఉంది. అయితే అది వీధిలో కాకుండా నోటుబుక్కులో ఉంది. దాన్ని చరిత్రకారులు ఆధారంగా లెక్కపెట్టలేదు, ఇంట్లోవాళ్ళు పనికిరాని కాగితాలుగా లెక్కపెట్టారు.

2000 నుంచి 2002 దాకా, మూడేళ్ళలో, తెలుగు తెర మీద ఒక కొత్త రకం కథానాయకుడు వచ్చాడు. మీసం సరిగ్గా రాని, ఫాక్షన్ కత్తి పట్టని, కాలేజీ సంచీ తగిలించుకున్న పిల్లవాడు. పత్రికలు అతన్ని ‘లవర్ బాయ్’ అన్నాయి. ఉదయ్‌కిరణ్, తరుణ్, కొంచెం వెనకగా నితిన్. ఈ పిల్లవాళ్ళ ‘పాటలు’ ఆ రోజుల్లో పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివే ఆడపిల్లల నోటుబుక్కుల నిండా ఉన్నాయి. కనిగిరిలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ నా ఈడు స్త్రీల దగ్గర అలాంటి నోటుబుక్కులు ఆరు చూశాను. ఆ పుస్తకాల యజమానులు ఇప్పుడు ముప్పై అయిదు దాటినవాళ్ళు. ఒకామె అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఒకామె టీచరు, ఇద్దరు సొంత పొలంలోనూ కూలికీ రెండు చోట్లా చేస్తారు. వాళ్ళ పేర్లు రాయను. అవి వాళ్ళు దాచుకున్న కాగితాలు.

ఈ వ్యాసంలో నేను అడుగుతున్న ప్రశ్న చిన్నది. ‘ఉదయ్‌కిరణ్ పాటలు’ అని ఆ పుస్తకాల్లో శీర్షిక పెట్టి రాసుకున్న పాటలు నిజానికి ఎవరివి?

ముందు ఊరి సంగతి చెప్పాలి. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కోస్తా రోడ్డు మీది ఒంగోలు వేరు, పడమటి మెట్టలోని కనిగిరి వేరు. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. ఈ మాటలో, పిలుపులో ఇప్పటికీ నెల్లూరు యాసే. ఇక్కడ పిల్లల్ని ‘పిల్లకాయలు’ అంటారు. నల్లరేగడి ఉన్నచోట పత్తి, మిర్చి, మిగతాచోట పొగాకు, కంది. వాన తప్పిన ఏడు వలస. భూమిలో నీళ్ళకి ఫ్లోరైడ్. పళ్ళ మీద పసుపు గారలు, నడివయసుకే వంగిన కీళ్ళు. ఇలాంటి చోట ఆడపిల్ల పది పాసయి ఇంటర్‌కి కనిగిరి రావడమే పెద్ద సంగతి. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో సగానికి పైగా పద్ధెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు. ఆ పిల్లలకి పాటల పుస్తకం రాసుకునే కాలం ఎంత అంటే, పదో తరగతికీ పెళ్ళిచూపులకీ మధ్య ఎన్ని నెలలు దొరికితే అంత.

పాట ఆ పిల్లల దాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి. హాలు దగ్గర రూపాయికో రెండు రూపాయలకో పలచటి పాటల పుస్తకం అమ్మేవాళ్ళు. అది తమ్ముడో చిన్నాన్నో తెచ్చిపెట్టాలి. క్యాసెట్ల కొట్లో నచ్చిన పాటల జాబితా ఇస్తే ఖాళీ క్యాసెట్‌లో రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు. ఆ జాబితా ఆడపిల్ల రాసేది, కొట్టుకి మగపిల్లవాడు వెళ్ళేవాడు. రేడియోకి పాట కోరుతూ ఉత్తరం రాస్తే సొంత పేరు వినపడితే గొడవ అవుతుందని తమ్ముడి పేరు పెట్టేదాన్నని ఒకామె నాతో చెప్పింది. 1995లో మొదలైన ఈటీవీ, జెమినీ చానళ్ళు ఈ కాలానికి కేబుల్ తీగ మీద పల్లెలకి వచ్చేశాయి. పక్కింటి టీవీలో పాట వస్తుంటే పరిగెత్తి వెళ్ళి, గబగబా రాసుకుని, అందని మాట దగ్గర ఖాళీ వదిలి, మళ్ళీ ఎప్పుడో వచ్చినప్పుడు ఆ ఖాళీ నింపుకోవడం. ఈ ఆరు పుస్తకాల్లోనూ ఇప్పటికీ నిండని ఖాళీలున్నాయి. కొన్నిచోట్ల రచయిత రాయని మాటలు కూడా ఉన్నాయి. విన్నదాన్ని బట్టి పిల్ల తనకి తోచిన మాట పెట్టుకుంది. ఆమె మాటకి కూడా అర్థం ఉంది, ఛందస్సు కూడా చెడలేదు.

ఈ పుస్తకాల అమరిక ఒకటే. సినిమా పేరు, దాని కింద హీరో పేరు, కొన్నిచోట్ల పత్రికలోంచి కత్తిరించి అన్నం మెతుకులతో అంటించిన అతని బొమ్మ, తర్వాత పాట. గాయని పేరు ఆరు పుస్తకాల్లో కలిపి నాలుగైదు చోట్ల కంటే లేదు. పాట రాసినవారి పేరు అసలే లేదు.

ఇప్పుడు ఆ పాటల సంగతి. తేజ దర్శకత్వంలో ‘చిత్రం’ 2000 జూన్‌లో వచ్చింది. ఉదయ్‌కిరణ్‌కి అదే మొదటి సినిమా. సంగీతం ఆర్.పి. పట్నాయక్, పాటలు కులశేఖర్. అదే ఏడు అక్టోబరులో తరుణ్ ‘నువ్వే కావాలి’. మలయాళ ‘నిరమ్’కి అది తెలుగు రూపం, సంగీతం కోటి. ఆ ఏటి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం అదే. ఈ రెండిటినీ నిర్మించింది ఉషాకిరణ్ మూవీస్. 2001 ఆగస్టులో ‘నువ్వు నేను’, అక్టోబరులో వి.ఎన్. ఆదిత్య తీసిన ‘మనసంతా నువ్వే’. రెండిటిలోనూ ఉదయ్‌కిరణే, సంగీతం పట్నాయకే. రెండోదాంట్లో పాటలు సిరివెన్నెల సీతారామశాస్త్రి రాశారు. 2002లో నితిన్ ‘జయం’. తక్కువ ఖర్చు, కొత్త ముఖాలు, ముందే జనంలోకి వెళ్ళిన క్యాసెట్టు. పేరున్న తారలు లేని లోటుని పాటతో పూడ్చుకున్న వ్యాపారం ఇది. అంటే ఆ సినిమాల బరువు మోసింది పాట. ఆ పాటని ఇంటింటా నిలబెట్టింది ఎక్కువగా ఆడపిల్లలు.

మన దగ్గర హీరో పాడడు. ఈ సంగతి అందరికీ తెలుసు, అయినా ఎవరూ పట్టించుకోరు. ‘మనసంతా నువ్వే’లో తూనీగల మీద ఒక పాట ఉంది. ఆరు పుస్తకాల్లో అయిదింటిలో అది ‘ఉదయ్‌కిరణ్’ కింద ఉంది. ఆ పాటలో ఉదయ్‌కిరణ్ లేడు. అది కథలో చిన్నపిల్లల మీద తీసిన పాట. పాడింది ఉష, సంజీవని. ఇద్దరూ స్త్రీలే. ఉష ఈటీవీ ‘పాడుతా తీయగా’ వేదిక మీద నుంచి వచ్చిన గాయని. ‘నువ్వే కావాలి’లో ఆకాశమూ మేఘమూ కథగా చెప్పుకునే యుగళగీతం ఒకటుంది. అది ‘తరుణ్’ కింద ఉంది. తెరమీద ఆ పాట తరుణ్‌ది కాదు, సాయికిరణ్‌ది. పాడింది జయచంద్రన్, చిత్ర. సాయికిరణ్ గాయకుడు వి. రామకృష్ణ కొడుకు. ఆ సినిమాలో పాటకి వారసత్వం ఉన్న ఒక్క కుర్రవాడి పాటనీ పిల్లలు తీసి తరుణ్‌కి ఇచ్చేశారు!

ఇందులో పిల్లలకి తెలియక జరిగింది కొంత, కావాలని జరిగింది కొంత అని నా ఆలోచన. హీరో పేరు ఒక అలమార లాంటిది. నచ్చిన పాటలన్నీ అందులో పెట్టుకుంటారు. కానీ అలమార మీద ఒకే పేరు ఉండటం వల్ల లోపలున్నవాళ్ళ పేర్లు పోయాయి. పోయినవి ఎక్కువగా ఆడవాళ్ళ పేర్లు. ఆనాటి కథానాయికలు రీమాసేన్, రిచా, అనిత. ఎవరికీ తెలుగు సొంత భాష కాదు. ముఖం ఒకరిది, మాట ఇంకొకరిది, పాట మరొకరిది. మనం ‘ఆమె’ అనుకునే మనిషి ముగ్గురు ఆడవాళ్ళ శ్రమ. ముగ్గురిలో ముఖానికి మాత్రమే పోస్టరులో చోటు, అదీ హీరో పక్కన. గుంటూరు నుంచి వచ్చిన సునీతని చూడండి. 1995లో ‘గులాబి’లో ఆమె పాడిన మొదటి పాట, ఒంటరిగా కూర్చున్న ఆడపిల్ల తనలో తాను అనుకునే పాట, ఒక తరం మొత్తానికి ఇష్టం. తర్వాత ఆమె ఎందరో కథానాయికలకి మాట కూడా ఇచ్చింది. తరుణ్ తల్లి రోజారమణి 1967లో ‘భక్త ప్రహ్లాద’లో బాలనటిగా దేశానికి తెలిసిన ముఖం. పెద్దయ్యాక కథానాయికగా చేసి, ఆ తర్వాత డబ్బింగు గదిలో ఎందరో కథానాయికలకి గొంతుగా మారింది. కొడుకు పోస్టరు మీదికి వచ్చేనాటికి తల్లి తెర వెనక ఉంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో టెలివిజన్ మొదలైన కాలపు కుటుంబ హాస్య ధారావాహిక ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ఓజీ అండ్ హ్యారియట్’ 1952 నుంచి 1966 దాకా నడిచింది. అందులో ఓజీ నెల్సన్, అతని భార్య హ్యారియట్, కొడుకులు డేవిడ్, రికీ, నిజజీవితంలోని కుటుంబమే తెరమీద కుటుంబంగా నటించింది. 1957లో ఒక భాగంలో చిన్నకొడుకు రికీ పాట పాడాడు. దాంతో అతను దేశంలోని ఆడపిల్లలందరికీ ఆరాధ్యుడైపోయాడు. తర్వాత వారం వారం కథ చివర అతని పాట. అయితే ఆ ఇంట్లో అసలు గాయని ఎవరు? తల్లి హ్యారియట్. పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఓజీ వాద్యబృందంలో గాయని. టీవీ ధారావాహికలో మాత్రం ఆమె పిల్లలకి తినడానికి పెట్టే తల్లి, భర్త తికమకల్ని నవ్వుతూ సర్దే ఇల్లాలు. గాయని ఇల్లాలయింది, కొడుకు గాయకుడయ్యాడు. ప్రేక్షకులకి ఇది చాలా సహజంగా కనిపించింది.

1958 ఆగస్టులో బిల్‌బోర్డ్ పత్రిక ‘హాట్ 100’ అనే పట్టిక మొదలుపెట్టింది. దానిలో మొట్టమొదట ఒకటో స్థానంలో నిలిచిన పాట రికీ నెల్సన్ పాడిన ‘పూర్ లిటిల్ ఫూల్’. అందమైన కుర్రవాడు ఒక అమ్మాయి చేతిలో ఓడిపోయానని చెప్పుకునే పాట. ఆ పాట రాసింది షారన్ షీలీ అనే అమ్మాయి. పాట ఒకటో స్థానానికి వచ్చేనాటికి ఆమెకి పద్ధెనిమిదేళ్ళు. ఆమె కూడా గాయకుల వెంట తిరిగిన అభిమానే. తాను భంగపడిన అనుభవాన్ని తీసుకుని, దాన్ని మగవాడి నోట్లో పెట్టింది. లోకం దాన్ని రికీ నెల్సన్ పాట అంది. ఇప్పటికీ అలాగే అంటుంది.

పన్నెండేళ్ళ తర్వాత, 1970లో, ‘ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ’ వచ్చింది. పాటలు పాడే కుటుంబం కథ, నాలుగేళ్ళు నడిచింది. డేవిడ్ క్యాసిడీ బొమ్మ లేని ఆడపిల్లల గది లేదన్నారు. తెరమీద ఇంటిల్లిపాదీ పాడతారు, రికార్డులో పాడింది మాత్రం క్యాసిడీ, తల్లి పాత్ర వేసిన షర్లీ జోన్స్, మిగతా అంతా స్టూడియో గాయనీగాయకులు. పిల్లలు పెదాలు కదిపారంతే. అంటే వాళ్ళకీ నేపథ్యగానం ఉంది, ఒప్పుకోలేదు. షర్లీ జోన్స్ సంగతి గమనించండి. 1955లో ‘ఓక్లహోమా!’ అనే సంగీత చిత్రానికి నాయికగా పాడిన స్త్రీ, 1960 చిత్రానికి ఆస్కారు తెచ్చుకున్న నటి. ఆమె గొంతు సవతి కొడుకు పాట వెనక వంతగా మిగిలింది. హ్యారియట్, షర్లీ జోన్స్, రోజారమణి: కుర్రవాడి ముఖం వెనక పాటో మాటో తెలిసిన తల్లి ఉండటం మూడుచోట్లా ఒకటే. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆడవాళ్ళ నైపుణ్యాన్ని ఇంటి వాతావరణంగా, గాలీ నీరూలా లెక్కపెట్టే అలవాటు ఇది.

కానీ ఒకచోట మాత్రం మనకీ వాళ్ళకీ తేడా ఉంది, ఆ తేడా మనల్ని ఆలోచింపజేయాలి. షారన్ షీలీ రాసిన పాట బయటికొచ్చింది. 2000లో కనిగిరిలో పాట రాసుకుంటున్న పిల్ల అనుకరించడానికి తెలుగు సినిమా పాటలో ఒక్క స్త్రీ పేరు ఉందా? పాడేవాళ్ళలో లీల, జిక్కి, సుశీల, జానకి నుంచి చిత్ర దాకా ఎందరైనా ఉన్నారు. సంగీతం చేసినవాళ్ళలో కూడా అక్కడక్కడా ఉన్నారు. 1968లో సావిత్రి దర్శకత్వం వహించిన ‘చిన్నారి పాపలు’కి సంగీతం పి. లీల. 1995లో ‘తాజ్‌మహల్’కి సంగీతం ఎం.ఎం. శ్రీలేఖ. పాట రాసేచోట మాత్రం ఈ మూడేళ్ళ సినిమాలన్నీ మగవాళ్ళవే. ‘పెళ్ళిచూపులు’ (2016), ‘అర్జున్ రెడ్డి’ (2017) సినిమాలకి శ్రేష్ఠ పాటలు రాసేసరికి ఈ నోటుబుక్కుల పిల్లలకి పిల్లలు పుట్టి బడికి కూడా పోతున్నారు.

అందువల్ల జరిగింది ఏమిటంటే, కలల్లోని మగవాడిని ఊహించే పని ఆడవాళ్ళ చేతిలోంచి జారిపోయింది. జారిపోయింది అని ఎందుకంటున్నానంటే, అంతకుముందు తరంలో ఆ పని ఆడవాళ్ళ చేతిలోనే ఉండేది. మా అమ్మల తరానికి పోస్టరు మీద హీరో కన్నా వారపత్రికలో హీరో ముఖ్యం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరాన్ని ప్రేమించని ఆడపిల్ల ఉండేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నవలల్ని పలాయనవాదం అని విమర్శించాం, ఆ విమర్శలో న్యాయం ఉంది. కారూ మేడా ఉన్న ఆరడుగుల మగవాడు స్త్రీ సమస్యకి జవాబు కాదు. అయినా రాజశేఖరాన్ని కల్పించింది ఒక స్త్రీ. అతను ఎలా మాట్లాడాలో, ఎక్కడ తగ్గాలో, జయంతి ఆత్మాభిమానం ముందు ఎప్పుడు తలవంచాలో నిర్ణయించింది ఒక స్త్రీ కలం. టీవీ ఇంటికొచ్చి, వారపత్రిక సీరియల్ పలచబడి, ఆడపిల్లల తీరిక నవల నుంచి పాటకి మారినప్పుడు ఈ నిర్ణయాధికారం మగ రచయితలకి, మగ దర్శకులకి పోయింది. ఈ మార్పుని మన నవలా విమర్శ గాని, సినిమా విమర్శ గాని కలిపి చూడలేదు.

విచిత్రం ఏమిటంటే ‘మనసంతా నువ్వే’ కథానాయిక అను రచయిత్రి. చిన్నప్పుడు విడిపోయిన స్నేహితుడిని వెతకడానికి ఆమె తమ కథని కలంపేరుతో పత్రికలో రాస్తుంది. పోలీసుల్నీ బంధువుల్నీ కాదని ఆమె నమ్మింది పాఠకుల్ని. ఎక్కడో ఉన్న అతను చదువుతాడు, గుర్తుపడతాడు అని. వారపత్రిక రచయిత్రుల కాలం ముగిసిపోతున్న రోజుల్లో వచ్చిన సినిమాలో ఆ కాలపు చివరి జ్ఞాపకం ఇది. నేను మాట్లాడిన ఆరుగురినీ ‘అందులో అను ఏం చేస్తుంది?’ అని అడిగాను. రాస్తుందని ఆరుగురూ చెప్పారు. ఉదయ్‌కిరణ్ ఏం చేస్తాడో మాత్రం ఇద్దరికి గుర్తు లేదు. ‘ఎదురుచూస్తాడు’ అంది ఒకామె నవ్వి.

తల్లుల తరం గురించి ఇంకో మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం వచ్చింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు వాచకంలోని పాఠం చదివి, 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక పక్కనే ఉన్న ఈ మెట్ట ఊళ్ళకీ వచ్చింది. తల్లి పలక మీద నేర్చుకున్న అక్షరంతో సంతకం పెట్టి పొదుపు సంఘంలో చేరింది. కూతురు అదే అక్షరంతో సినిమా పాట రాసుకుంది. మొదటిదాన్ని మనం గర్వంగా చరిత్రలో రాసుకున్నాం, రెండోదాన్ని చూసి సిగ్గుపడ్డాం. ఒక పుస్తకంలో ఈ రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ముందు వైపు నుంచి కూతురి పాటలు, వెనక వైపు నుంచి తల్లి డ్వాక్రా లెక్కలు. నోటుబుక్కు వృథా కాకూడదని. మధ్యలో రెండు చేతిరాతలూ ఎదురుపడ్డ చోట ఇద్దరూ ఆగిపోయారు.

ఇంతా చెప్పి, ఆ సినిమాలు ఆడపిల్లలకి చేసిన హాని చెప్పకపోతే అది అబద్ధం అవుతుంది. వద్దన్న అమ్మాయి వెంట పడటమే ప్రేమ అని, పట్టు వదలకపోతే ఆమె చివరికి ఒప్పుకుంటుందని ఆ మూడేళ్ళ సినిమాల్లో ఎన్నో చెప్పాయి. 2004లో విజయవాడలో కాలేజీ తరగతి గదిలోనే ఒక విద్యార్థినిని చంపాడు, ప్రేమించానన్నవాడు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. స్త్రీల సంఘాలు, స్త్రీల పత్రికలు సినిమాని నిలదీశాయి, నిలదీయాల్సిందే. ఇక్కడ నాకు కావలసింది ఒక్క భేదం. ఆ సినిమాలు మగపిల్లలకి నేర్పింది వెంటపడటం. అవే సినిమాల పాటలు ఆడపిల్లల చేతిలో ఏమయ్యాయన్నది వేరే ప్రశ్న. రెండిటినీ ఒకే గాట కట్టి ‘టీనేజి ప్రేమ సినిమాల ప్రభావం’ అంటే, శిక్ష మళ్ళీ ఆడపిల్లలకే పడుతుంది. పడింది కూడా. పాటల పుస్తకం అన్న కంటపడితే ‘ఎవడి కోసం రాశావు?’ అన్నదే మొదటి ప్రశ్న. ఒకామె చదువు ఇంటర్ మొదటి ఏడుతో ఆగిపోవడానికి ఇంట్లో చెప్పిన కారణం ఈ నోటుబుక్కే. ‘ఎవడి కోసమూ కాదు, పాట కోసం అంటే ఎవరు నమ్ముతారు?’ అంది ఆమె నాతో.

పాట కోసమే అన్నదానికి పుస్తకాల్లోనే సాక్ష్యం ఉంది. అచ్చు పాటల పుస్తకాల్లో యుగళగీతానికి ‘అతడు’, ‘ఆమె’ అని పక్కన వేస్తారు. రెండు నోటుబుక్కుల్లో ఆ మాటలు కొట్టేసి ఇద్దరు అమ్మాయిల పేర్లలో మొదటి అక్షరాలు వేసి ఉన్నాయి. హాస్టల్లో, బస్సు కోసం నిలబడ్డచోట, కాలేజీ వార్షికోత్సవంలో ఇద్దరు అమ్మాయిలు పాడుకునేవాళ్ళు కాబట్టి, ఎవరు ఏ చరణం అన్నది గుర్తు కోసం. అంటే ఉదయ్‌కిరణ్ పెదాల మీద ఇంకో మగవాడి గొంతుతో వచ్చిన ప్రేమమాటలు ఒక అమ్మాయి ఇంకో అమ్మాయికి చెప్పింది. దీనికి మనం పెద్ద పేర్లు పెట్టవచ్చు, పెట్టకపోయినా ఫర్వాలేదు. కానీ ఆ పాటలో ‘అతడు’ అనే స్థానం ఖాళీగా ఉందని, దాన్ని ఆడపిల్లలు నింపుకున్నారని మాత్రం గుర్తించాలి. వాళ్ళకి దొరికిన హీరోలో వాళ్ళకి బాగా నచ్చింది అతను పెద్దగా అడ్డురాకపోవడమేమో! మీసం తిప్పే హీరో అయితే ఆ స్థానంలో ఇంకెవరినీ కూర్చోనివ్వడు.

ఇంకో పుస్తకం చివరి పేజీల్లో ఏ సినిమాలోదీ కాని పాట ఒకటి చూశాను. తూనీగల పాట బాణీలో కట్టింది. రెండు చరణాలు. పామూరు బస్సు, ఇద్దరు స్నేహితులు, ఒకళ్ళకి పెళ్ళి కుదిరి బస్సు ఎక్కడం మానేయడం. అక్షరాలు బాణీకి సరిగ్గా సరిపోయాయి. పైన శీర్షిక లేదు. మిగతా ప్రతి పాట మీదా హీరో పేరు రాసిన పిల్ల దీని మీద తన పేరు కూడా రాసుకోలేదు. ‘ఇది మీరే రాశారా?’ అంటే ‘అది పాట కాదులే అమ్మా, ఊరికే’ అంది. షారన్ షీలీకీ ఈమెకీ మధ్య ప్రతిభలో తేడా ఎంతో నేను కొలవలేను. ఒకామె తన పాటని తీసుకుని గాయకుడి తలుపు తట్టగలిగింది, ఇంకొకామె నోటుబుక్కుని బియ్యం డబ్బాలో దాచుకుంది. ఆ తేడా మాత్రం కొలవడానికి వీలైనదే. దాన్ని కొలవడమే సాహిత్య చరిత్ర పని.

ఆరాధించిన కుర్రవాడి సంగతి కూడా మరిచిపోకూడదు. ఉదయ్‌కిరణ్ 1980లో పుట్టాడు. ‘నువ్వు నేను’కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి బహుమతి అందుకునేనాటికి అతనిది ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళ వయసు. తర్వాత అవకాశాలు తగ్గాయి. 2014 జనవరి 5న హైదరాబాద్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పుడు వచ్చిన సంతాపాల్లో అందరూ ఆ పాటల్నే తలుచుకున్నారు. సిరివెన్నెల 2021లో, కులశేఖర్ 2024లో వెళ్ళిపోయారు. ఇక్కడ ఆడపిల్లలు పేరు రాయని ఆ రచయితలు కూడా ముఖం చాటున ఉండిపోయినవాళ్ళే. పాట అమ్ముడుపోవడానికి ఒక ముఖం కావాలి, ఆ ముఖానికి కాలపరిమితి ఉంటుంది. 1974 మేలో లండన్‌లో డేవిడ్ క్యాసిడీ కచేరీలో తొక్కిడిలో నలిగి పద్నాలుగేళ్ళ పిల్ల చనిపోయింది. ముఖాన్ని అమ్మే వ్యాపారం ముందు నిలబడ్డ పిల్లలకీ, ముఖం ఇచ్చిన కుర్రవాడికీ, ఎవరికీ పూచీ పడదు.

మరి ఆ పాటలు ఎవరివి? రాసింది సిరివెన్నెల, కులశేఖర్. బాణీ పట్నాయక్, కోటి. గొంతులో సగం ఉష, చిత్ర, సంజీవని, పేరు చెప్పుకోని డబ్బింగు ఆడవాళ్ళు. ముఖం ఉదయ్‌కిరణ్, తరుణ్. ఆ పాటల్ని ఎంచి, రాసి, ఖాళీలు పూరించి, ‘అతడు’ కొట్టేసి, ఇరవై ఏళ్ళు దాచింది కనిగిరి ఆడపిల్లలు. మొదటి నాలుగు వరుసలకీ క్యాసెట్టు అట్ట మీదో పోస్టరు మీదో ఏదో ఒక సాక్ష్యం ఉంది. చివరి వరుసకి ఈ నోటుబుక్కులు తప్ప సాక్ష్యం లేదు. అవి ఇల్లు సున్నం వేసిన ప్రతిసారీ కిలోల లెక్కన పాతకాగితాలవాడికి పోతున్నాయి. ఇప్పటి పిల్లలు పాట రాసుకోవలసిన పని లేదు, ఫోనులో మాటలతో సహా వస్తుంది. కాబట్టి ఇవి ఇక కొత్తగా పుట్టవు.

మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీల అధ్యయన కేంద్రాలున్నాయి, మౌఖిక చరిత్రల ప్రాజెక్టులున్నాయి. ఈ పత్రిక చదివే మనలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. పోనీ అక్క దగ్గరో, వదిన దగ్గరో, విద్యార్థిని వాళ్ళ అమ్మ దగ్గరో ఉంటుంది. అడిగి తీసుకుందాం. ఇవ్వనంటే అక్కడే కూర్చుని చూసి రాసుకుందాం. ఏ ఊరు, ఏ ఏడు, పాట ఎక్కడ విని రాసింది, ఎవరితో కలిసి పాడింది, ఎక్కడ ఆపేసింది, ఎందుకు ఆపేసింది. పాట కింద హీరో పేరు పక్కన గాయని పేరు కూడా చేర్చుకుందాం. చివరి పేజీలు మాత్రం తప్పకుండా తిప్పి చూద్దాం.